పక్షి కాలి కడియము

కార్తికము దాటిన పిమ్మట మన చండ్రుగొండ ప్రాంతపు చెఱువులయందును, పాల్వంచ చెంతనున్న కిన్నెరసాని జలాశయమునందును నీటిపక్షులు దిగుట సోదర కర్షకులెల్లరు నెఱిగినదే. వానిలో నొక బాతు చేపలవలలో జిక్కినప్పుడో, గట్టున జచ్చి పడియున్నప్పుడో దాని కాలికి సన్నని లోహపు కడియము కనబడినచో మనవారేమి చేయుదురు? కొందఱు పిల్లల కాటవస్తువుగా నిత్తురు. కొందఱు కేసు వచ్చునను భయమున మాటాడక పాతిపెట్టుదురు. రెండును తగవని మా యభిప్రాయము.

1899లో డెన్మార్కు దేశమున మార్టెన్‌సెన్ అను నుపాధ్యాయుడు గోరువంకకు జ్ఞాతులగు పక్షుల కాళ్ళకు అంకెలు చెక్కిన అల్యూమినియపు కడియములు తొడిగి విడిచెను. మన దేశమున 1883లో నేర్పడిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువా రీ పనిని చేపట్టిరి. కంటి కానని సన్ననూలు వలలతో పక్షిని బట్టి, తూచి, ఱెక్క కొలిచి, కడియము వేసి వెంటనే విడుతురు. కడియముపై నొక సంఖ్యయు, సంఘమునకు దెలుపుడను మాటయు నుండును.

ఇది పనిలేనివారి వేడుక గాదు. 1957లో మైసూరు రాష్ట్రపు క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి, అడవియంచు పల్లెలవారికి జ్వరము సోకెను. ఆ రోగబీజము రష్యాదేశపు రోగబీజ మొకదానిని బోలియుండుటచే వలసపక్షులు తెచ్చెనేమో యను శంక పుట్టెను. అంతట ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో సాలీం అలీగారి పర్యవేక్షణమున వేలకొలది పక్షులకు కడియములు వేసిరి. అడవియంచున బ్రదుకు మనకిది పరుల కథ గాదు. భరతపురమున కడియము వేసిన బాతులు కొన్ని సైబీరియాలో వేటగాండ్రకు జిక్కినవి. వారు కబురంపిరి గనుకనే త్రోవ దెలిసెను. వారును మనవలెనే పాతిపెట్టియున్న నేమి తెలిసియుండును?

తెలియనిచోట కథలు పుట్టును. ఖమ్మము చెంతనున్న చింతపల్లిలో చింతచెట్లపై గూళ్ళు గట్టు ఎఱ్ఱకాళ్ళ కొంగలను జనులు సైబీరియా కొంగలందురు. నిజమునకవి హిమాలయములకు దక్షిణముననే పుట్టి పెరుగునవి, మన యింటి పక్షులే.

అయితే రైతు లొకమాట యడుగుదురు: మేము వల పన్నిన నేరము, వారు పన్నిన శాస్త్రమా? 1972 నాటి వన్యప్రాణి చట్టము వేటను నిషేధించినది; కడియము వేయువారు ప్రభుత్వానుమతి బొంది పట్టిన పక్షిని విడువవలెను. భేదమిదియే. ఐనను ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. మన చెఱువున వల పన్న వచ్చువారు ముందుగా పంచాయతీకిని ఆయకట్టు రైతులకును దెలుపవలెను. పిదప ఏ పక్షి యెందుండి వచ్చెనో తెనుగున వ్రాసి పంపవలెను. పల్లెవాని నేర్పును గూడ వాడుకొనవలెను. బీహారున పక్షులు పట్టుటే కులవృత్తిగాగల మీర్‌శికారులను బొంబాయి సంఘమువారు చేర్చుకొనిరి. వారిలో అలీ హుస్సేను దేశమెల్ల పేరొందెను. పుస్తకము చదివినవాడు చేయలేని పని ఆయన చేతులు చేసెను.

అటవీశాఖవారికిని మా మనవి యొకటి గలదు. కడియపు సంఖ్య తెలుపవచ్చినవానిని దొంగవలె బ్రశ్నింపరాదు. అట్టి యభయము గ్రామసభలో బహిరంగముగా నిచ్చిననే భయము తొలగును.

పక్షి ప్రాణముతో నున్నచో కడియ మూడబెరుకక సంఖ్య చదివి విడిచిపెట్టుడు. చచ్చియున్నచో చేతికి గుడ్డ చుట్టుకొని సంఖ్యను, తేదిని, చెఱువు పేరును వ్రాసికొనుడు. గుంపుగా జచ్చియున్నచో ముట్టక పశువైద్యునికి గబురంపుడు. ఉత్తరము వ్రాయ జాలనివారు ఆ చీటిని మన సంఘ కార్యాలయమున నిచ్చినచో మేమే బొంబాయికి వ్రాసి, వచ్చిన జవాబును మీకు జదివి వినిపింతుము.