చెప్పకుండా దాచిన రెండో ఉపసెక్షన్

చట్టం నిర్దేశించిన గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లోనే గడిపేసి, ఇంకా న్యాయం అందని ఖైదీ రాజ్యాంగ దినోత్సవం నాటికి దేశంలో ఒక్కరూ ఉండరని కేంద్ర హోంమంత్రి అమిత్ షా గాంధీనగర్ పోలీసు శాస్త్ర సదస్సులో ప్రకటించారు. ఆ దినోత్సవం 2024 నవంబరు 26న. రాజ్యాంగాన్ని ఆమోదించుకుని ఆనాటికి 75 ఏళ్లు. ఆ మాట పూర్తిగా నిజమైతే అందరికన్నా ముందు హర్షించేవాళ్లం. కానీ అందులో ఉన్నది సగం నిజమే. మిగతా సగం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్‌లో ఉంది. దాని ఊసెత్తకుండా మొదటి సగాన్నే వరంగా చాటడం విచారణ ఖైదీలను, వారికోసం ములాఖత్ గదుల బయట పడిగాపులు పడే కుటుంబాలను వంచించడమే.

ఆ ఉపసెక్షన్‌లో ఏముంది? ఒకటికి మించిన నేరాల్లో గానీ, ఒకటికి మించిన కేసుల్లో గానీ దర్యాప్తో విచారణో పెండింగులో ఉంటే నిందితులను కోర్టు విడుదల చేయరాదు. పాత సీఆర్‌పీసీ 436ఏ సెక్షన్‌లో ఈ అడ్డు లేదు. సెక్షన్లు ఎన్ని పెట్టినా సరే, గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపల గడిపినవారు విడుదల కోరే వీలుండేది. కొత్త చట్టం తొలిసారి నిందితులకు ఆ సగాన్ని మూడో వంతుకు తగ్గించిన మాట నిజం. అదే కలంతో, రెండు సెక్షన్లు ఉన్నవారికి ఆ సగాన్ని కూడా తీసేసింది. అంతటితో ఆగలేదు. పాత చట్టం మరణశిక్షకు అవకాశమున్న నేరాలను మాత్రమే మినహాయించింది. కొత్తది జీవితఖైదుకు అవకాశమున్న నేరాలనూ ఆ జాబితాలో చేర్చింది. వరకట్న మరణం కేసుల్లో కోడలి భర్తతోపాటు జైలుకు వెళ్లే అత్తలకు, ఆడపడుచులకు ఈ సెక్షన్ తలుపు పూర్తిగా మూసుకుపోయింది. పాతదానికంటే ఉదారమని చెప్పుకుంటున్న చట్టం ఇది!

ఒకే సెక్షన్‌తో ఎఫ్ఐఆర్ కట్టే పోలీసు స్టేషన్ ఎక్కడుందో హోంమంత్రి చెప్పాలి. వీధిలో కొట్లాట జరిగితే గాయపరచడం, దారి అడ్డగించడం, బెదిరించడం అంటూ మూడు సెక్షన్లు పడతాయి. చీటీల డబ్బు గొడవైతే మోసం ఒకటి, నమ్మకద్రోహం మరొకటి. ఇంట్లో పనిచేసే మనిషిపై యజమాని బంగారం పోయిందని ఫిర్యాదు ఇస్తే, పనివారి దొంగతనం సెక్షన్‌కు కుట్ర సెక్షన్ తోడు కావడానికి ఎంతోసేపు పట్టదు. ఘటన ఒకటే, సెక్షన్లు నాలుగు. ఆ ఉపసెక్షన్‌ను అక్షరం తప్పకుండా చదివితే, రెండో సెక్షన్ రాసిన పోలీసు కలమే నిందితురాలి విడుదల అర్హతను కొట్టేస్తుంది. ఈ మినహాయింపులన్నీ పోగా మూడో వంతు హామీ ఎందరికి మిగులుతుంది? జైళ్లవారీగా ఆ లెక్క తీయకుండా ఒక్కరూ మిగలరని ఎలా అనగలిగారు?

మన రాష్ట్రాల్లో ఈ వంచన ఎక్కడ గుచ్చుకుంటుందో చూడండి. విశాఖ కేంద్ర కారాగారంలో గంజాయి కేసుల ఖైదీలు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఏజెన్సీ గూడేల నుంచి మూట మోసి కొద్దిపాటి కూలి తీసుకున్న యువకులు, ఆడవాళ్లు వారిలో ఉన్నారు. ఆ మూట పంపినవాడు, అందుకోవాల్సినవాడు మాత్రం చాలాసార్లు ఎఫ్ఐఆర్‌లో పేరుగానైనా కనిపించరు. ఇరవై కిలోలు దాటిన గంజాయికి గరిష్ఠ శిక్ష ఇరవై ఏళ్లు. అందులో మూడో వంతంటే ఆరేళ్ల ఎనిమిది నెలలు. పందొమ్మిదేళ్ల కుర్రవాడు నేరం రుజువు కాకుండానే పాతికేళ్లు దాటి బయటికి రావడాన్ని సంస్కరణ అనాలా? పోనీ, అదైనా దక్కుతుందా? మాదకద్రవ్యాల చట్టంలోని 20వ సెక్షన్‌కు వాహనం పేరిట 25, కుట్ర పేరిట 29 జోడిస్తే అదీ లేదు. బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేని పేదలకు రూ.40 వేల దాకా ఇస్తామంటూ కేంద్రం 2023లో తెచ్చిన పథకం కూడా ఈ చట్టం కింద అరెస్టయినవారిని మినహాయించింది.

ఇంతకన్నా బాధించేది మరొకటి ఉంది. ఇదే సంహితలోని 401వ సెక్షన్, మరణశిక్షకో జీవితఖైదుకో తావులేని నేరంలో తొలిసారి దోషిగా తేలిన మహిళను, ఇరవై ఒక్క ఏళ్లు నిండని యువతీ యువకులను జైలుకు పంపకుండా మంచి ప్రవర్తన బాండుపై విడిచిపెట్టే అధికారం కోర్టుకు ఇచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లలోపు వారిని జైలుకు పంపాలంటే కారణాలు రాసి తీరాలని 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఆరో సెక్షన్ ఏనాడో శాసించింది. రూ.5 వేల లోపు దొంగతనంలో తొలిసారి దోషిగా తేలి, సొత్తు తిరిగి ఇచ్చేస్తే కొత్త న్యాయ సంహిత విధించేది సమాజసేవే. అంటే నేరం రుజువైతే ఇంటికి వెళ్లే మనిషి, రుజువు కాకముందు నెలల తరబడి జైల్లో ఉంటోంది. శిక్ష స్థానంలో న్యాయం తెచ్చామని చెప్పుకునే చట్టాల కింద నిర్దోషిగా భావించాల్సిన మనిషికి జైలు, దోషికి బాండు! ఈ తలకిందుల తీరును సరిచేయకుండా మూడో వంతు గురించి మాట్లాడటం ఎవరిని మెప్పించడానికి?

జాతీయ నేర గణాంక సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలు. మహిళా ఖైదీలు 23,772 మంది. వారిలో 1,537 మంది ఒడిలో, చెంతన 1,764 మంది పిల్లలు ఉన్నారు. ఏ ఎఫ్ఐఆర్‌లోనూ పేరు లేని ఈ పసివాళ్లు లాకప్ వేళలకు నిద్రలేస్తున్నారు, లాకప్ వేళలకు పడుకుంటున్నారు. తల్లులతో పిల్లలున్న కేసులకు కోర్టులు ప్రాధాన్యమివ్వాలని ఆర్‌డీ ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ఆనాడు జైల్లో పుట్టిన బిడ్డలకు ఓటుహక్కు వయసు వచ్చేసింది. అర్హులైన మహిళా విచారణ ఖైదీలను ప్రత్యేకంగా గుర్తించండని అదే న్యాయస్థానం 2024 నవంబరులో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. ఆ పద్దెనిమిదేళ్లలో అధికారులు చేసిందేమిటి?

అర్హుల తరఫున జైలు సూపరింటెండెంటే కోర్టుకు దరఖాస్తు చేయాలన్న కొత్త నిబంధన మంచిదే. హింసాత్మక నేరాల్లో సాక్షుల భద్రత చూడాలన్న ఆందోళనా సహేతుకమే. ఆ భద్రతకు షరతులతో కూడిన బెయిలు ఉంది, అవసరమైతే బెయిలు రద్దు చేసే అధికారమూ ఉంది. చీటీల గొడవలో ఇరుక్కున్న ఇల్లాలిని లోపలే ఉంచడానికి ఆ వాదన పనికిరాదు.

తీవ్ర నేరాల్లోనైనా మహిళలకు, పిల్లలకు, జబ్బుపడినవారికి బెయిలు ఇచ్చే విచక్షణ 480వ సెక్షన్ మేజిస్ట్రేట్లకు ఇచ్చింది. మనీలాండరింగ్ చట్టంలోనూ మహిళలకు అలాంటి వెసులుబాటే ఉంది. అది నిస్సహాయులకే తప్ప చదువుకున్నవారికి కాదని అప్పటి ఎమ్మెల్సీ కవిత కేసులో ఢిల్లీ హైకోర్టు అంటే, సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తప్పుపట్టి సరిదిద్దింది. ఆమెకు సుప్రీంకోర్టు దాకా వెళ్లే స్తోమత ఉంది. దొంగతనం ఫిర్యాదుపై అరెస్టయిన ఇంటి పనిమనిషికి మేజిస్ట్రేట్ ముందు ఆ సెక్షన్ చదివి వినిపించేవారే లేరు. నిస్సహాయులకే అన్న వెసులుబాటు ఆ నిస్సహాయురాలికే అందడం లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. రాజమహేంద్రవరం, చంచల్‌గూడ మహిళా జైళ్లలో ఎందరిపై ఒకటికి మించిన సెక్షన్లు ఉన్నాయో, ఎందరు బెయిలు వచ్చీ జామీనుదారులు దొరక్క ఆగిపోయారో, ఎందరి వెంట పిల్లలున్నారో జాబితా తీసి ప్రజల ముందు పెట్టవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ న్యాయవాదిని ప్రతి మహిళా బ్యారక్‌కు క్రమం తప్పకుండా పంపవచ్చు. కోర్టులు 401వ సెక్షన్‌ను వాడాలంటే నిందితురాలి ఇల్లు, ఊరు, బతుకు చూసివచ్చి నివేదిక ఇచ్చే ప్రొబేషన్ అధికారి కావాలి. ఆ అధికారికి ఇతర పనులన్నీ అప్పగించి, ఈ పనికి తీరిక లేకుండా చేయడం మానాలి.

దేశం ప్రగతి సాధిస్తున్నదంటే కొత్త జైళ్లు కట్టాల్సిన అవసరం ఎందుకొస్తోందని రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము 2022 రాజ్యాంగ దినోత్సవాన సుప్రీంకోర్టు ప్రాంగణంలో ప్రశ్నించారు. హోంమంత్రి దానికి నిజాయతీగా జవాబు ఇవ్వదలచుకుంటే దారి ఉంది.  పార్లమెంటులో సవరణ బిల్లు తెచ్చి 479వ సెక్షన్ రెండో ఉపసెక్షన్‌ను రద్దు చేయాలి, జీవితఖైదు మినహాయింపును తొలగించాలి. మన ఎంపీలు పార్టీలకు అతీతంగా అందుకు పట్టుబట్టాలి.