పిన్ను పట్టింది కదా సార్!

కొత్తచెరువులో అడగండి, ధర్మవరంలో అడగండి. పాత లాప్‌టాప్ కి చార్జర్ కావాలంటే కౌంటర్ మీదకి నాలుగు డబ్బాలు వస్తాయి. ఒక్కోటీ దూర్చి చూస్తారు. లైటు వెలిగిందా, అదే మీ చార్జరు. "పిన్ను పట్టింది కదా సార్!" ఇంకేం కావాలి?

షాపు వాళ్ళ సంగతి అలా ఉంచండి. నా కోపమంతా మన ఐటీ వాళ్ళ మీద. బెంగుళూరులో కొత్తది కొనుక్కుని పాతది ఊళ్ళో నాన్నకో, తమ్ముడికో ఇచ్చేస్తారు. చార్జర్ పోయిందని ఫోనొస్తే "అక్కడే ఏదో ఒకటి కొనెయ్యండి, అన్నీ ఒకటే" అంటారు. ప్రొడక్షన్ లో ఒక లైను మార్చడానికి మూడు అప్రూవల్స్ అడిగే మనిషి, 230 వోల్టులకీ నాన్న ఒడికీ మధ్య ఉండే డబ్బా గురించి చెప్పే మాటా ఇది?

అన్నీ ఒకటి కావు బాబూ. పాత డెల్, హెచ్‌పీల్లో చాలావాటికి 19.5 వోల్టులు, ఏసర్ కి 19, లెనోవోకి 20. అర వోల్టుకి కొంపలేం మునగవంటారా? సరే, 24 వోల్టుల ప్రింటర్ అడాప్టర్ కూడా అదే సైజు పిన్నుతో దొరుకుతుంది, అప్పుడేమంటారు? వోల్టులూ, ప్లస్-మైనస్ గుర్తూ స్టిక్కర్ మీద ఉన్నట్టే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువైతే పరవాలేదు, లాప్‌టాప్ తనకి కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతేనే గొడవ. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లంటే 65 వాట్లు. 90 అడిగేదానికి ఇది తగిలిస్తే డబ్బా కాగిపోతుంది.

పాత డెల్ అయితే మధ్య పిన్నుతో చార్జర్ ఎవరిదో ఆరా తీస్తుంది. జవాబు రాకపోతే బ్యాటరీ ఎక్కించదు, ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. లైటు మాత్రం భేషుగ్గా వెలుగుతుంది! నాన్నేమో "పాతదైపోయింది, స్లో అయింది" అనుకుంటాడు.

అసలు భయం లాప్‌టాప్ గురించి కాదు, మనిషి గురించి. చవక డబ్బాలో మిగుల్చుకునేది పైకి కనపడదు: 230 వైపుకీ ఇవతలి వైపుకీ మధ్య ఉండాల్సిన ఎడం, ఇన్సులేషన్, ఫ్యూజు. అందుకే మన దేశంలో ఈ అడాప్టర్లకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. డబ్బా మీద 'ఆర్' అక్షరం, పక్కన ఎనిమిదంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్ లో కొట్టి చూడండి. నంబరు లేకపోయినా, కొడితే ఇంకేదో వస్తువు వచ్చినా తిరిగిచ్చెయ్యండి.

యూరప్ 2026 ఏప్రిల్ 28 నించి కొత్త లాప్‌టాప్ లకి యూఎస్‌బీ-సీ తప్పనిసరి అంది. సంతోషం. ఊళ్ళో ఉన్న పాతదానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ధర్మవరం చీర కొనేటప్పుడు జరీ అసలుదా కాదా అని పదిసార్లు తిప్పి చూస్తాం. చార్జర్ని ఒక్కసారి తిప్పి చూడలేమా? లాప్‌టాప్ ఇంటికి పంపేముందు వోల్టులు, ఆంపియర్లు, మోడల్ నంబరు కాగితమ్మీద రాసి అడుగున అతికించండి. చార్జర్ పోతే సరైనది మీరే కొని పంపండి. అంత తీరిక లేకపోతే కనీసం "అన్నీ ఒకటే" అనకండి. ఇంజనీర్ అబ్బాయి చెప్పాడు కదా అని ఆయన నమ్ముతాడు.