రక్షకుడు, తలారి: తుకారాం ఓంబ్లేకు ఒక నివాళి

తెలుగులో 'తలారి' అని ఒక మాట ఉన్నది. పాత తెలుగులో ఊరికి కావలి కాచేవాడు తలారి. రాత్రివేళ వీథులు తిరిగి, దొంగను పట్టి, తెల్లవారిన పిమ్మట అధికారి ఎదుట నిలబెట్టడం అతని పని. అదే మాటకు మరొక అర్థం కూడా ఉన్నది: మరణశిక్షను అమలు చేసేవాడు, ఉరితీసేవాడు. నేటి పత్రికలలో ఈ రెండవ అర్థమే ఎక్కువగా కనిపిస్తున్నది. కాపాడేవాడికీ ప్రాణం తీసేవాడికీ ఒకే పేరు ఎట్లా అమరిందో భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం. ఆ రెండర్థాల నడుమ ఎంత దూరం ఉండాలన్నది మాత్రం మనబోటి సామాన్యులందరమూ ఆలోచించవలసిన విషయం. దొంగను పట్టుకోవడానికీ, దొంగకు శిక్ష వేయడానికీ మధ్య న్యాయస్థానం అనే మెట్టు ఒకటి ఉన్నది. ఆ మెట్టును తీసివేస్తే రక్షకుడే తలారి అయి కూర్చుంటాడు.

ఆ మెట్టు విలువను తన ప్రాణమిచ్చి నిలిపిన ఒక పోలీసు ఉద్యోగిని గురించి ఈ నాలుగు మాటలు. ఆయన పేరు తుకారాం ఓంబ్లే.

తుకారాం అనగానే తెలుగువారికి 1973లో వచ్చిన 'భక్త తుకారాం' చిత్రం, అందులో అక్కినేని వారు స్ఫురిస్తారు. అభంగాలు వ్రాసిన ఆ మహాభక్తుని పేరును మహారాష్ట్రలో ఇంటింటా పెట్టుకుంటారు. మన తుకారాం సతారా జిల్లాలోని కేడంబే అనే చిన్న పల్లెకు చెందినవారు. మొదట సైన్యంలో పనిచేసి, ఆ తరువాత ముంబయి పోలీసు శాఖలో చేరారు. 2008 నాటికి ఆయన అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్. పెద్ద హోదా కాదు. పత్రికలలో ఫొటోలు పడే ఉద్యోగమూ కాదు. ఆ రాత్రి దాకా ఆయన పేరు ఆయన ఠాణా వారికీ, ఇంటివారికీ, ఊరివారికీ తప్ప లోకానికి తెలియదు.

ఆ రాత్రి 2008 నవంబరు 26. సముద్రమార్గాన వచ్చిన పదిమంది సాయుధులు ముంబయి నగరం మీద పడ్డారు. ఆ మారణకాండ ముగిసేసరికి 166 మంది అమాయకులు, రక్షక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఆ పదిమందిలో ఇద్దరు, ఇస్మాయిల్ ఖాన్, అజ్మల్ కసబ్, ఛత్రపతి శివాజీ టెర్మినస్ రైల్వే స్టేషనులో ప్రయాణికులను కాల్చి, అక్కడి నుంచి కామా ఆసుపత్రి వైపు వెళ్ళారు. ఆ సమీపంలోనే హేమంత్ కర్కరే, అశోక్ కామ్టే, విజయ్ సాలస్కర్ అనే ముగ్గురు పోలీసు అధికారులను బలిగొన్నారు. తరువాత ఒక కారును బలవంతంగా లాక్కుని గిర్‌గావ్ చౌపాటీ వైపు వచ్చారు. అక్కడ రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు పెట్టి కాపు కాస్తున్న బృందంలో ఓంబ్లే ఉన్నారు. ఆయన చేతిలో ఉన్నది లాఠీ.

కారు ఆగింది. వెనుదిరిగే ప్రయత్నం ఫలించలేదు. కాల్పులలో ఇస్మాయిల్ మరణించాడు. రెండవవాడిని సమీపించిన ఓంబ్లే, వాడి చేతిలోని ఏకే-47 తుపాకి గొట్టాన్ని రెండు చేతులా ఒడిసిపట్టుకున్నారు. తూటాలు ఆయన శరీరంలోనికి దూసుకుపోయాయి. ఆయన పట్టు వదలలేదు. వెనుక ఉన్న సహోద్యోగుల వైపు ఆ గొట్టం తిరగలేదు. వారు వాడిమీద పడి లొంగదీశారు, కాని చంపలేదు. పదిమందిలో ప్రాణాలతో దొరికినవాడు ఆ ఒక్కడే.

ఆ క్షణంలో ఓంబ్లే మనసులో ఏమున్నదో మనమెవ్వరమూ చెప్పలేము. రాజ్యాంగమో, న్యాయశాస్త్రమో ఆయనకు స్ఫురించి ఉంటుందని వ్రాస్తే అది కవిత్వమే అవుతుంది. ఆయన చేతులు ఏమి చేశాయో మాత్రం చెప్పవచ్చు: అవి పట్టుకున్నాయి. పట్టుకోవడమే రక్షకభటుని పని. ఆ పనిని ఆయన కడదాకా చేశారు. 2009 గణతంత్ర దినోత్సవాన ప్రభుత్వం ఆయనకు మరణానంతరం అశోకచక్ర ప్రదానం చేసింది. యుద్ధరంగానికి వెలుపల చూపిన సాహసానికి మన దేశంలో అంతకు మించిన పురస్కారం లేదు.

ఇక ఆ పట్టు వలన కలిగిన ఫలితాన్ని చూద్దాం. ఇది తెలుగువారికి దగ్గరి సంగతి కూడా.

ఆ దాడి జరుగుతుండగానే, అది తమ పనేనని 'దక్కన్ ముజాహిదీన్' అనే పేరుతో పత్రికలకు ఒక ఉత్తరం అందింది. దక్కన్ అంటే మనమే. దుండగుల వద్ద ఉన్న గుర్తింపు కార్డులు కూడా హైదరాబాదులోని ఒక కళాశాల విద్యార్థులవిగా, హిందువుల పేర్లతో సృష్టించిన దొంగ కార్డులు. ఒక్కసారి ఊహించండి. పదిమందీ శవాలుగానే దొరికి ఉంటే, ఆ ఉత్తరమూ ఆ కార్డులూ మాత్రమే మిగిలి ఉంటే, ఎన్ని కథలు పుట్టేవి! మన హైదరాబాదు వీథులలో ఎన్ని ఇళ్ళ తలుపులు అర్ధరాత్రి వేళ దబదబ మ్రోగేవి! ఏ కుర్రవాడి మీద ఏ నింద పడేది! శవం సాక్ష్యం చెప్పదు. శవం జేబులో ఎవరు ఏ కాగితం పెడితే అదే దాని ఊరు, అదే దాని పేరు.

ప్రాణాలతో పట్టుబడ్డవాడు కాబట్టి వాడి ఊరు పాకిస్తాన్ పంజాబులోని ఫరీద్‌కోట్ అని తేలింది. తొలుత కాదన్న పాకిస్తాన్ ప్రభుత్వం, 2009 జనవరిలో వాడు తమ దేశీయుడేనని ఒప్పుకోక తప్పలేదు. కుట్రలో కొంత భాగం తమ గడ్డ మీదనే జరిగిందని ఫిబ్రవరిలో అంగీకరించింది. సైన్యాలు కదిలినా రాబట్టలేని ఒప్పుకోలును ఒక లాఠీ ధారి రాబట్టాడు.

ఆ తరువాత విచారణ. అభియోగపత్రమే 11 వేల పుటలు దాటింది. ప్రత్యేక న్యాయస్థానం 2010 మే నెలలో మరణశిక్ష విధించింది. 2011 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు, 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేశాయి. 2012 నవంబరు 21న పుణేలోని యెరవాడ కారాగారంలో శిక్ష అమలు జరిగింది. నేరానికీ శిక్షకూ నడుమ నాలుగేళ్ళకు అయిదు రోజులు తక్కువ. ప్రతి మెట్టులోనూ వాడి పక్షాన వాదించడానికి మన ప్రభుత్వ వ్యవస్థే న్యాయవాదిని సమకూర్చింది.

ఈ కేసులో చాలామంది గుర్తుంచుకోని ఒక ముఖ్యాంశం ఉన్నది. కసబ్‌తో పాటు ఇద్దరు భారతీయులు కూడా ముద్దాయిలుగా బోనెక్కారు. వారి మీద సాక్ష్యం చాలదని ప్రత్యేక న్యాయస్థానమే వారిని నిర్దోషులుగా ప్రకటించింది. పై న్యాయస్థానాలు రెండూ దానిని సమర్థించాయి. దేశమంతా కోపంతో ఊగిపోతున్న కాలంలో, అదే బోనులో, అదే న్యాయమూర్తి ఒకరికి ఉరి, ఇద్దరికి విడుదల చెప్పగలిగారు. ఇద్దరిని వదిలిపెట్టగలిగిన న్యాయస్థానం కాబట్టే, ఒకడిని శిక్షించినప్పుడు లోకం నమ్మింది.

ఆ నాలుగేళ్ళూ "వాడికి జైలులో బిర్యానీలు పెట్టి మేపుతున్నారు" అని ఊరూరా అనుకున్నారు. బస్సులో, కాఫీ హోటలులో, పెళ్ళి పందిట్లో అందరూ విన్న మాటే. 2015లో ఆ కేసు వాదించిన ప్రభుత్వ న్యాయవాది ఉజ్జ్వల్ నికమే, బిర్యానీ కథ తాను కల్పించినదేనని బహిరంగంగా చెప్పారు. అప్పటికి కసబ్ పోయి మూడేళ్ళు కావస్తున్నది. కథ మాత్రం చావలేదు, నేటికీ వినబడుతూనే ఉన్నది. విచారణ అంటే నేరస్థుడికి చేసే మర్యాద అనే భావం మనలో అంతగా పాతుకుపోయింది.

ఇక్కడే మన తెలుగునాట వాడుకలో ఉన్న మరొక మాటను తడిమి చూడాలి. అది 'ఎన్‌కౌంటర్'. ఆంగ్లంలో ఆ మాటకు ఎదురుపడడం, తారసపడడం అని అర్థం. ఇద్దరుంటేనే కుదిరే పని అది. మన వాడుకలో అది ఏమయిందో వ్యాకరణమే పట్టిస్తున్నది. "ఎన్‌కౌంటర్ జరిగింది" అనడం మాని, "వాణ్ణి ఎన్‌కౌంటర్ చేశారు", "వీణ్ణి ఎన్‌కౌంటర్ చేసెయ్యాలి" అంటున్నాం. ఒక కర్త, ఒక కర్మ! పత్రికలవారు కొటేషన్ గుర్తులు పెట్టినా పెట్టకపోయినా, జనం నోటి వ్యాకరణం అసలు సంగతిని దాచలేదు. దానిని తెలిసే వాడుతున్నాం, పైగా మెచ్చుకోలుగా వాడుతున్నాం. అదీ నా బాధ.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున హైదరాబాదు శివార్లలో చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో మరణించారు. ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరం అప్పటికి పదిరోజులయినా కాలేదు. ఆడపిల్లలున్న ఇంట ఆ ఘోరానికి నెత్తురు ఉడకని వారుండరు. ఆ ఉదయం జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో వెల్లడయింది. నిందితులను చంపే ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలనీ, మరణించినవారిలో ముగ్గురు మైనర్లనీ ఆ కమిషన్ అభిప్రాయపడింది. ఆ వ్యవహారం తెలంగాణ హైకోర్టు ముందుకు వెళ్ళింది. దాని తీర్పు చెప్పడం నా పని కాదు. ఆ నలుగురు నిజంగా దోషులా, ఎవరు ఎంత దోషి అన్నది మాత్రం ఇక ఏ న్యాయస్థానమూ సాక్షులను విచారించి చెప్పలేదు. ఆ అమ్మాయికి జరిగినదంతా సాక్ష్యంతో తేలి, ధర్మాసనం మీదినుంచి లోకం వినేటట్లు పలికే అవకాశం ఆ తెల్లవారుజామునే పోయింది. 166 మంది ప్రాణాలు తీసిన ముఠాలోని వాడికి విచారణ జరిపి నిలబడగలిగిన దేశం, ఈ నలుగురికి విచారణ జరిపి నిలబడలేకపోయేదా?

"మాస్టారూ, మీరు కుర్చీలో కూర్చుని ఎన్నయినా చెబుతారు, పోలీసుల కష్టం మీకేం తెలుసు?" అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. 1993 జనవరిలో కె.ఎస్. వ్యాస్ గారిని హైదరాబాదు నడిబొడ్డున, లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు. 1999 సెప్టెంబరులో ఉమేశ్‌చంద్ర గారిని సంజీవరెడ్డి నగర్ కూడలిలో పట్టపగలు బలిగొన్నారు. ఆయన విగ్రహం ఆ కూడలిలో నిలిచింది. వారి కుటుంబాలకు కలిగిన నష్టం ఏ సిద్ధాంతంతోనూ పూడదు. ఎదుటివాడు కాల్చినప్పుడు ఎదురు కాల్చే హక్కు పోలీసుకు చట్టమే ఇచ్చింది. చౌపాటీలో ఇస్మాయిల్ మరణం అటువంటిదే, దానిని ఎవరూ తప్పుపట్టరు. న్యాయస్థానాలలో జాప్యం ఉన్నది, ఆ జాప్యం కూడా అన్యాయమే. దానికి మందు మరింతమంది న్యాయమూర్తులు, మెరుగైన దర్యాప్తు. తెల్లవారుజామున తుపాకి దానికి మందు కాదు. ఇల్లు చీకటిగా ఉన్నదని కప్పుకు నిప్పు పెట్టుకుంటామా?

పొగడ్తకు ఒక శక్తి ఉన్నది. ఏ పనిని పొగిడితే ఆ పని పెరుగుతుంది. బడిపిల్లల విషయంలో ఇది ప్రతి ఉపాధ్యాయుడికీ అనుభవమే. 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాల విషయమై 16 మార్గదర్శకాలు జారీచేస్తూ, అటువంటి ఘటన జరిగిన వెంటనే సంబంధిత అధికారులకు వరుస తప్పిన పదోన్నతులు, సాహస పురస్కారాలు ఇవ్వరాదని చెప్పడంలోని ఆంతర్యం ఇదే అనుకుంటాను. ప్రభుత్వం ఇచ్చే పతకానికి అయితే న్యాయస్థానం అడ్డు చెప్పగలదు. జనం చల్లే పూలకు ఎవరు అడ్డు చెప్పాలి? మన సినిమాలలో చూడండి. తుపాకి ఎత్తి అక్కడికక్కడే తీర్పు చెప్పే పోలీసుకే ఈలలు. సాక్ష్యం సేకరించి, పంచనామా వ్రాసి, బోను దగ్గర గంటలకొద్దీ నిలబడే పోలీసుకు ఒక్క చప్పట్లయినా లేవు.

2021లో మహారాష్ట్రలో కొత్తగా కనుగొన్న ఒక గెంతుడు సాలీడు జాతికి పరిశోధకులు 'ఐసియస్ తుకారామి' అని ఓంబ్లే పేరు పెట్టారు. శ్రీకాళహస్తి కథ తెలిసిన తెలుగువాడికి ఇది విని మనసు కదులుతుంది. అక్కడ పేరులో మొదటి అక్షరమైన 'శ్రీ' సాలెపురుగే కదా. ఏనుగుకూ పాముకూ ముందు, ఏ బలమూ లేని ఆ చిన్న ప్రాణికి అగ్రస్థానమిచ్చింది మన సంప్రదాయం. ఏకే-47 ముందు లాఠీ కూడా అంతే.

అక్టోబరు 21న ఏటా పోలీసు అమరవీరుల దినం జరుపుకుంటాం. 1959లో లడాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులలో ప్రాణాలు విడిచిన పదిమంది పోలీసుల స్మృత్యర్థం ఏర్పడిన దినం అది. ఆ రోజు మీ ఊరి స్తూపం వద్ద పూలు ఉంచేటప్పుడు, ఒక పువ్వు పట్టుకున్న చేతుల కోసం ఉంచండి. తూటాలు తగులుతున్నా నేరస్థుణ్ణి చంపకుండా, వదలకుండా, న్యాయమూర్తి ముందుకు చేరేదాకా పట్టి ఉంచిన చేతుల కోసం. 'తలారి' అనే మాటకు ఉన్న రెండర్థాలలో మొదటిదాన్ని మనకు తిరిగి ఇచ్చిన ఆ పోలీసు ఉద్యోగికి నా నమోవాకాలు.