మెయిల్ రూపం: ఎవరి కత్తెర వారిదే

ఈమెయిల్ ఒక చోటి నుంచి మరో చోటికి ఎలా వెళ్లాలన్నదానికి పక్కా నిబంధనలున్నాయి. 1982లో రాసుకున్న ఎస్‌ఎంటీపీకి సవరణలు చేసుకుంటూ మెయిల్ సర్వర్లు నేటికీ దానినే నమ్ముకున్నాయి. 1992లో వచ్చిన మైమ్ ప్రమాణంతో ఇంగ్లిషేతర లిపులు, అటాచ్‌మెంట్లు కూడా ఒక దారికొచ్చాయి. చిక్కంతా మెయిల్ చేరాక తెర మీద ఎలా కనిపించాలన్న దగ్గరే.

వెబ్‌మెయిల్ అంటే మన పేజీలో ఇంకెవరో పంపిన మరో పేజీ తెరవడం. పంపినవారెవరో తెలియదు. వారి కోడ్‌ను ఉన్నదున్నట్టు నడవనిస్తే ఇన్‌బాక్స్ తాళంచెవి చేతికిచ్చినట్టే. 2006లో యమానర్ అనే వర్మ్ యాహూ మెయిల్‌లో ఆ పనే చేసింది. మెయిల్ తెరిస్తే చాలు, లోపలి జావాస్క్రిప్ట్ నడిచి అడ్రస్‌బుక్‌లోని యాహూ చిరునామాలకు తనను తానే పంపుకుంది. 2023లోనూ రౌండ్‌క్యూబ్ అనే వెబ్‌మెయిల్ వాడే ఐరోపా ప్రభుత్వ సంస్థలపై ఎస్‌వీజీ బొమ్మ చాటున ఇలాంటి దాడే జరిగింది. కాబట్టి స్క్రిప్టులను కత్తిరిస్తే ఎవరికీ అభ్యంతరం లేదు.

పేచీ సీఎస్‌ఎస్‌తోనే. రంగులు, అమరిక, అక్షరాల సైజు చెప్పే ఆ సూచనలపైనా అదే ఊపులో కత్తెర పడింది. జీమెయిల్ ఏళ్ల తరబడి స్టైల్ భాగాన్ని మొత్తంగా పక్కన పడేసింది. ఫోన్ తెరకు తగ్గట్టు అమరిక మార్చుకునే వీలు 2016లో గానీ ఇవ్వలేదు. వెబ్‌మెయిల్ కాకపోయినా డెస్క్‌టాప్ అవుట్‌లుక్ కథ ఇంకా విడ్డూరం. 2007 వెర్షన్‌లో మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంజిన్‌ను తీసేసి, మెయిల్ చూపించే పని వర్డ్‌కు అప్పగించింది. అర్జీలు టైపు చేసుకునే సాధనానికి వెబ్ పేజీల కొలువు! 2009లో డిజైనర్లు ట్విటర్‌లో 20 వేలకు పైగా సందేశాలతో నిలదీశారు. మెయిల్‌లో ఎంతమేర హెచ్‌టీఎంఎల్ వాడాలన్నదానిపై పరిశ్రమలో ఏకాభిప్రాయమే లేదని సంస్థ బదులిచ్చింది. తప్పించుకునే మాటే గానీ అబద్ధం కాదు. ప్రమాణాలు రాయడానికి వెబ్‌కు డబ్ల్యూ3సీ ఉంది, మెయిల్ రవాణాకు ఐఈటీఎఫ్ ఉంది. మెయిల్ రూపానికి మాత్రం పెద్దదిక్కు లేదు. అందుకే వార్తాలేఖలు తయారుచేసేవారు ఇప్పటికీ 1990ల నాటి పద్ధతిలో టేబుల్‌లో టేబుల్ పెట్టి నెట్టుకొస్తున్నారు.

తెలుగు మెయిల్‌కు ఈ తిప్పలు ఇంకాస్త ఎక్కువ. అక్షరాలు గజిబిజిగా మారే బాధ యూనికోడ్‌తో చాలావరకు తీరింది గానీ ఫాంటు, బరువు మిగిలాయి. ఆహ్వానాన్ని ఎంత ముచ్చటైన వెబ్ ఫాంటులో కూర్చినా జీమెయిల్ దాన్ని పట్టించుకోదు, చదివేవారి ఫోన్‌లో ఉన్న ఫాంటులోనే చూపిస్తుంది. ఇక బరువు. యూటీఎఫ్-8లో 'తెలుగు' అన్న మాటకు 18 బైట్లు కావాలి, ఇంగ్లిషు లిపిలో అయితే ఆరే. సుమారు 102 కేబీ దాటిన మెయిల్‌ను జీమెయిల్ అక్కడికక్కడ ఆపేసి, మిగతాది చూడటానికి లింకు ఇస్తుంది. పొడవాటి తెలుగు వార్తాలేఖ ఆ గీతను ముందే దాటేస్తుంది. ఈ తలనొప్పి పడలేక పెళ్లి శుభలేఖల నుంచి సాహితీ సభల ఆహ్వానాల దాకా బొమ్మలుగా మార్చి పంపేస్తున్నారు. లింకుగా చేర్చిన బొమ్మలను డెస్క్‌టాప్ అవుట్‌లుక్ మామూలుగా అడ్డుకుంటుంది కనుక అక్కడ కనిపించేది ఖాళీ చట్రమే. బొమ్మలోని పేరు వెతికితే దొరకదు, చూపులేనివారికి స్క్రీన్ రీడర్ చదివి పెట్టదు.

కొత్త అవుట్‌లుక్ వెబ్ ఆధారితం కావడంతో వర్డ్ పీడ మెల్లగా విరగడవుతోంది. ఏ మెయిల్ సేవ దేన్ని చూపిస్తుందో పరీక్షించి చెప్పే 'కెన్ ఐ ఈమెయిల్' జాబితా 2019 నుంచి అందుబాటులో ఉంది. ఆ పని సేవలు నడిపే సంస్థలే కూర్చుని చేసుకోవాల్సింది. వారు కూర్చునేలోగా మన ఆహ్వానాలు పంపేవారు బొమ్మ కింద తేదీ, వేళ, వేదిక మామూలు అక్షరాల్లో రాస్తే ఏ కత్తెరా వాటి జోలికి రాదు.