జిడ్డు ముఖం తప్పేమీ కాదు

మా కమలాపురంలో ఆడపిల్ల పదో తరగతికి వచ్చేసరికి ఇంటికొచ్చిన ప్రతి పెద్దమ్మా, ప్రతి అత్తా అడిగే మాట ఒకటే. "ఏం పాపా, మొగం అంత జిడ్డు కారుతాంది, కడుక్కోవా?" ఆ పిల్ల అప్పటికే రోజుకు ఐదుసార్లు కడుక్కుంటూ ఉంటుంది. మనం ముందు మానుకోవాల్సింది ఈ మాటే అంటాను నేను.

జిడ్డంటే మురికి కాదు. చర్మంలో చిన్న చిన్న నూనె గ్రంథులుంటాయి. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర అవి ఎక్కువ. ఈడొచ్చే వయసులో హార్మోన్ల వల్ల అవి ఎక్కువ నూనె వదులుతాయి. కొందరికి అది వంశంలోనే ఉంటుంది. పొద్దున తిన్న ఉగ్గాని బజ్జీలోని నూనె ముఖం మీదికి రాదు. ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు చెమట కూడా తోడై మరింత మెరుస్తుందంతే. ముక్కు మీద నల్ల చుక్కలు కూడా మురికి కాదు. చర్మ రంధ్రంలో ఇరుక్కున్న జిడ్డు గాలి తగిలి నల్లబడుతుంది. పీచుతో రుద్దితే చర్మం మండుతుందే తప్ప మేలు జరగదు.

చేయాల్సింది కొంచెమే. రోజుకు రెండుసార్లు, చెమట బాగా పట్టినప్పుడు మరోసారి, ఘాటు లేని ఫేస్‌వాష్‌తో కడిగితే చాలు. బోరు ఉప్పునీళ్లకు సబ్బు సరిగా నురగ రాదు, తెట్టు చర్మానికి అంటుకుంటుంది. అందుకే బాగా కడిగేయాలి. నిమ్మకాయ, వంటసోడా ముఖానికి వద్దు. తలకు రాసిన నూనె నుదుటి మీదికి జారకుండా చూసుకోవాలి, అక్కడ మొటిమలు రావడానికి అదీ ఒక కారణమే. పసుపు మన ఆచారం, ఉండనీయండి. కానీ మొటిమలకు అదే మందనుకోవద్దు. నెలసరి సరిగా రాకుండా, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే అది ముఖం సంగతి మాత్రమే కాదు, డాక్టరుకు చూపించాలి.

నా అసలు భయం జిడ్డు గురించి కాదు, మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే ట్యూబు గురించి. పెళ్లిచూపులు దగ్గర పడ్డాయంటే చాలు, పక్కింటామె వాడిందని మన పిల్లకూ తెస్తాం. వారంలో ముఖం తేటపడుతుంది, మొటిమలు అణుగుతాయి, అందరం మెచ్చుకుంటాం. అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో ఉండేది స్టెరాయిడ్. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, ఎండకు మండుతుంది, సన్నటి వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే మొటిమలు ముందుకంటే ఎక్కువగా వస్తాయి. మళ్లీ అదే ట్యూబు కొంటాం. ఇది మన దేశంలో ఎంత ముదిరిందంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టం వచ్చినా అడిగే అలవాటు మనకు, ఇచ్చే అలవాటు షాపులకు ఇంకా పోలేదు.

చర్మ డాక్టరు మొటిమలకు ఇచ్చే మందులు మెల్లగా పనిచేస్తాయి. గుణం కనపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. అందుకే వారంలో తెల్లబరిచే ట్యూబును చూసి సంతోషపడకండి, అనుమానించండి.

ఈరోజే మీ ఇంట్లో అద్దం దగ్గరున్న ట్యూబును తిప్పి చదవండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అన్న పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే, డాక్టరు రాసివ్వకుండా తెచ్చింది అయితే, కొత్తది కొనకండి. చాలా రోజులుగా రాస్తుంటే మాత్రం మానేసి ఊరుకోకుండా ఆ ట్యూబు పట్టుకుని చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి. మాకు కడప పెద్దాసుపత్రి ఉంది, మీ జిల్లాలోనూ అలాంటిది ఉంటుంది. ఒక పూట పని పోతే పోనీయండి, పిల్ల ముఖం కంటే ఎక్కువేం కాదు.