గృహనిర్వహణము: ఛాయాచిత్రములకు గుర్తుమాటలు

గృహమున వస్తువు కలిగియుండుట యొకటి, కావలసినప్పుడు అది చేతికందుట వేఱొకటి. పోపులపెట్టె తారుమారైనచో మఱునాటికి సర్దుకొనవచ్చును. ఛాయాచిత్రముల విషయ మట్లు గాదు. చిత్రమునందలి వారెవరో యెఱిగిన పెద్దలు గతించిన పిమ్మట, ఆ చిత్రము చేతనున్నను మనకు దక్కినట్లు కాదు. కావున ఈ మాసము ఫోనులయందును కంప్యూటరులయందును పోగుపడుచున్న చిత్రములను క్రమపఱచు విధమును గూర్చి వ్రాయుచున్నాము.

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతముల యిండ్లనుండి పిల్లలు చదువులకును ఉద్యోగములకును హైదరాబాదు, బెంగుళూరు నగరములకును విదేశములకును పోవుచున్నారు. ఒక పెండ్లి జరిగిన పది ఫోనులలో పది విధములుగా చిత్రములు చేరును. పాత ఆల్బములను స్కాను చేయించినవి వీనికి తోడగును. ఒక్క కుటుంబమున పదివేల చిత్రములు దాటుట నేడు వింత గాదు. కెమెరా వానికి అంకెలనే పేరుగా పెట్టును. "జేజి చిన్ననాటి చిత్రమేది?" యని మనుమరా లడిగినచో ఆ యంకెలలో నెవరు వెదకగలరు?

దీనికి ఉపాయము గుర్తుమాట. కంప్యూటరు తెలిసినవారు దీనిని కీవర్డనియు ట్యాగనియు నందురు. పూర్వము చిత్రము వెనుక సిరాతో పేరు వ్రాసినట్లే, ఇప్పుడు చిత్రపు ఫైలులోపలనే పేరు వ్రాయవచ్చును. ప్రపంచపు వార్తాసంస్థల కూటమియగు ఐ.పి.టి.సి. వారు ఇట్టి వ్రాతకు ఏర్పఱచిన పద్ధతి 1990వ దశకమునుండి వాడుకలో నున్నది. పత్రికాఫీసులకు పనికివచ్చిన దానిని గృహిణి వాడుకొనుటకు అడ్డేమి?

అయినను మాటలు తోచినట్లు వ్రాసిన ప్రయోజనము లేదు. ఈ విషయమున మనకు గురువు కలడు. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియగు ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1933లో కోలన్ వర్గీకరణమను పద్ధతిని ప్రకటించిరి. గ్రంథమును ఒక్క పేరుతో బంధింపక, అందలి విషయము, స్థలము, కాలము మున్నగు ముఖములను వేఱువేఱుగా గుర్తించి కూర్చుట దాని మర్మము. చదువరి కాలమును కాపాడవలెననుట 1931లో వారు చెప్పిన గ్రంథాలయసూత్రములలో నొకటి. మన యింటి చిత్రములకును ఇట్లే నాలుగు ప్రశ్నలు చాలును: ఎవరు? ఏ సందర్భము? ఎక్కడ? ఎప్పుడు?

మొదటిది, ఎవరు. ఇచ్చట వరుసలు పనికిరావు. నాకు అత్తయైన యామె నా బిడ్డకు నాయనమ్మ, నా వదినకు తల్లి. పైగా ఒక యింట జేజి యనువారిని వేఱొక యింట అవ్వ యందురు. వరుస చెప్పువారినిబట్టి మారును గావున పేరే వ్రాయవలెను. పేరొక్కటియు చాలదు. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారమువలన చెన్నయ్యలును చెన్నకేశవులును ఒక్క యింట ముగ్గురుండవచ్చును. కావున పేరుతో ఇంటిపేరును, పుట్టిన సంవత్సరమును చేర్చుట మేలు.

స్త్రీల విషయమున మఱింత జాగ్రత్త వలయును. పురుషుని యింటిపేరు జన్మమంతయు నొక్కటియే. స్త్రీకి పెండ్లితో మారుట వాడుక. కన్యగా తీయించుకొన్న చిత్రమునకు పుట్టినింటి పేరును, పిమ్మటి చిత్రమునకు మెట్టినింటి పేరును వ్రాసినచో కంప్యూటరునకు ఆమె యిద్దరగును. ఆమె బాల్యము ఆమెనుండి విడిపోవును. పాత చిత్రముల వెనుక "ఫలానావారి భార్య" యని మాత్రమే యుండుట మన మెఱుగనిది గాదు. రెండింటి పేర్లను చేర్చి ఒక్క గుర్తుమాటగా నిర్ణయించి, బాల్యమునుండి వృద్ధాప్యమువఱకు ఆమె చిత్రము లన్నిటికి దానినే వాడవలెను.

సందర్భమునకు పెండ్లి, సీమంతము, అన్నప్రాశనము, తిరునాళ్ళు, యాత్ర మున్నగు కొలది మాటలు చాలును. ఒకమాఱు పెండ్లి యనియు, ఒకమాఱు వివాహమనియు వ్రాసినచో వెదకునప్పుడు సగమే దొరకును.

స్థలమునకు ఊరిపేరు ముఖ్యము, జిల్లాపేరు గాదు. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు మొదట కర్నూలు జిల్లాలో నుండెను. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడగా అందు చేరెను. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అను పేరు వచ్చెను. జిల్లాలు మారినను కంభము చెరువు కదలలేదు గదా! వర్ణక్రమమును సైత మొక్కటిగా నుంచుడు. మార్కాపురం, మార్కాపూర్ అను రెండును మనకు ఒక్క యూరే యైనను యంత్రమునకు వేఱువేఱు మాటలు.

కాలమును ఫోను తానే వ్రాయును. కాని స్కాను చేసిన పాత చిత్రమునకు పడు తేదీ స్కాను చేసిన నాటిది. దానికి "1965 ప్రాంతము" అని మనమే గుర్తు పెట్టవలెను.

ఇక పని తేలికగా సాగు విధము. మొదట పనికిరాని శుభోదయపు బొమ్మలను, మసకచిత్రములను తీసివేయుడు. చెత్తకు పేరు పెట్టుట కాలహరణము. ఒక పెండ్లి చిత్రములన్నిటిని ఒక్కసారి యెన్నుకొని సందర్భమును, ఊరిని ఒక్కమాఱే వ్రాయుడు. పిమ్మట మనుష్యుల పేర్లు చేర్చుడు. చెట్టు, కొండ, బండి వంటి మాటలతో పని లేదు; వానిని నేటి ఫోను తనంతట గుర్తించును. ఫోను ఒకే ముఖము గల చిత్రములను గుంపుచేయును గాని, పేరు మన మీయవలసినదే. అక్కచెల్లెండ్రను ఒక్కరిగా పొరబడుటయు కలదు.

విండోస్ కంప్యూటరులో జేపెగ్ చిత్రములను ఎన్నుకొని, ప్రాపర్టీస్ లోని డీటెయిల్స్ అనుచోట ట్యాగ్స్ వరుసలో వ్రాయవచ్చును. చిత్రములు మిక్కిలిగా నున్నవారికి డిజికామ్ అను ఉచితసాధనము కలదు. అందు గుర్తుమాటలను చెట్టుకొమ్మలవలె అమర్చవచ్చును. పేరును ఒకచోట దిద్దిన చాలును. వాట్సాప్ లో చిత్రమును మామూలుగా పంపినచో, మార్కాపురపు పలకను తుడిచినట్లు, లోపలి వ్రాత పోవును. డాక్యుమెంటుగా పంపిన నిలుచును. నిర్ణయించిన మాటలను ఒక నోటుపుస్తకమున వ్రాసి, ఇంటిలో నందఱు దానినే యనుసరింపవలెను.

వీని యన్నిటికంటె ముందుగా చేయవలసిన పని యొకటి కలదు. ఇంటిలోని పెద్దముత్తైదువలను, అవ్వలను కూర్చుండబెట్టి, పాత చిత్రములు ఒక్కొక్కటిగా చూపి, పేర్లడిగి వ్రాసికొనుడు. యంత్రము నేడు కాకున్న రేపు కొనవచ్చును. వారి జ్ఞాపకమును కొనలేము. దినమున కిరువది చిత్రములైనను చాలును. సోదరీమణులు ఈ మాసమందే యీ పని నారంభింతురని నమ్ముచున్నాము.