కాగితపు కొండను చూచి నవ్వువారికి

ఆదివారపు తెలుగు తరగతులలో పిల్లలచేత కాగితముతో అగ్నిపర్వతములు చేయించుట మన పెద్దలలో కొందరికి రుచించుట లేదు. "వారమునకు ఒక్క గంట తెలుగు దొరకుటే గగనము. ఆ గంటలో పద్యము చెప్పింపక, గుణింతము దిద్దింపక, కత్తెరయు జిగురును చేతికిచ్చి కూర్చుండబెట్టెదరా?" అని వారి ఆక్షేపణ. ఇది భాషాభిమానముతో చేసిన ఆక్షేపణయే. కాని ఏ భాషను రక్షింపవలెనని వారు తలచుచున్నారో, ఆ భాషకే ఈ వాదము చేటు తెచ్చుచున్నది. కావున దీనికి సూటిగా సమాధానము చెప్పక తప్పదు.

చెన్నపట్టణములోగాని, బెంగుళూరులోగాని, షోలాపురములోగాని, బరంపురములోగాని మన పిల్లవాడు అగ్నిపర్వతమును గురించి బడిలో చదువుచునే యున్నాడు. అయితే ఆ చదువు వేరొక భాషలో సాగుచున్నది. ఇంటికి వచ్చిన పిమ్మట "ఆ కొండ ఎట్లు పుట్టును? లోపల ఏమున్నది?" అని తెలుగులో అడిగి చూడుడు. వాడు నీళ్లు నములును. వానికి విషయము తెలియక కాదు, చెప్పుటకు మాట లేక. తెలుగు వానికి అమ్మమ్మతో మాటాడుటకు, పండుగనాడు పద్యము అప్పగించుటకు మాత్రమే పనికివచ్చు భాషయైనది. పెట్టెలోనుండి పండుగకు తీసి, కట్టి, మరల మడిచిపెట్టు పట్టుచీర వంటిదైనది. పట్టుచీర గొప్పదే. కాని దినదినమును కట్టని బట్ట ఎన్నాళ్లు మన ఒంటికి అలవాటుగా నుండును?

ఇక కాగితపు పనిలో చదువేమున్నదో విచారింతము. పాత క్యాలెండరు అట్టపై ఒక వృత్తము గీచి కత్తిరింపుడు. దానిని మూడు మారులు సగమునకు సగముగా మడిచిన ఎనిమిది పాళ్లగును. ఒక పాలు కత్తిరించి తీసివేసి, అంచులు రెండును కలిపి అతికించినచో శంకువు ఏర్పడును. దాని వాలు ఇంచుమించు 30 డిగ్రీలు. బూడిదయు రాళ్లును పేరుకొని ఏర్పడిన కొండల వాలు దాదాపు ఇంతే. వృత్తములో సగము తీసివేసి అతికించినచో వాలు 60 డిగ్రీలై కొండ సూదివలె నిలుచును. పిల్లలు బొమ్మలలో గీయునది ఇట్టి కొండనే! వదులుగా నున్న బూడిద అంత నిటారుగా నిలువదు, జారిపోవును. మరియొక వృత్తములో సన్నని చీలిక మాత్రము తీసి అతికింపుడు. కొండ కొండవలె గాక బోర్లించిన పళ్లెమువలె కనబడును. హవాయి ద్వీపములోని మౌనాలోవా ఇట్టిదే. పలుచని లావా దూరము పారి పరచుకొనును, చిక్కని లావా బిలము చెంతనే గుట్టపడును. కొండ ఆకారము ఈ భేదమువలననే కలుగుచున్నదని పిల్లవాడు తన వ్రేళ్లతో తెలిసికొనును. వాలు, అంచు, పాలు, బిలము, నాళము, శిలాద్రవము అను మాటలు ఆ పనిలోనే వానికి వశమగును. గుణింతము దిద్దించిన గంటలో ఇన్ని మాటలు వచ్చునా?

నిమ్మరసములో వంటసోడా కలిపి పొంగించు వేడుక ఉండగా కాగితమెందుకని అడుగువారును కలరు. ఆ వేడుకలో ఒక సత్యము లేకపోలేదు: శిలాద్రవములో ఇమిడియున్న వాయువులు పైకి వచ్చుకొలది వ్యాకోచించి దానిని వెలికి చిమ్మును. కాని నురుగు చూచి చప్పట్లు కొట్టిన పిల్లవాడు భూగర్భములో పులుపును సోడాయును కలియుచున్నవని తలచి ఇంటికి పోవును. కాగితపు కొండను ఒక ప్రక్క కోసి తలుపువలె తెరిచినచో లోపలి శిలాద్రవపు మడుగు, నాళము, పొరలు కనబడును. అయితే 1,100 డిగ్రీలకు మించి కాగు లావా వేడిని కాగితము చూపజాలదు. అది ఉపాధ్యాయుడు నోటితో చెప్పవలసినదే. అమెరికా భూగర్భ సర్వే సంస్థయే 1991లో కత్తిరించి అతికించుటకు వీలైన అగ్నిపర్వతపు కాగితపు నమూనాను ప్రకటించెను. శాస్త్రజ్ఞులకు చిన్నతనము కానిది మనకేల కావలెను?

"మనకు అగ్నిపర్వతములెక్కడివి?" అనునది మరియొక ఆక్షేపణ. అండమాను సముద్రములో, 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిరుకు ఇంచుమించు 140 కిలోమీటర్ల దూరములో బారెన్ ద్వీపమున్నది. అది 1787లో నిప్పులు గ్రక్కినట్లు వ్రాతలున్నవి. 19వ శతాబ్దములో నిద్రించి 1991లో మరల మేల్కొన్నది. ఆ పట్టణమున తెలుగు కుటుంబములు ఎన్నియో కలవు. షోలాపురపు మన నేతపనివారి ఇండ్లు లావా పొరలపైననే నిలిచియున్నవి. 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూమి చీలికలనుండి పొంగి, 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేలను నేటికిని కప్పియున్న దక్కను రాయి అదియే. అజంతా, ఎల్లోరా గుహలు దానిలో తొలిచినవే. ప్రత్తి పండు నల్లరేగడి దానినుండి వచ్చినదే. యానామువారికి చేరువలోనే, రాజమహేంద్రవరము చెంతనున్న కాతేరులో ఆ కాలపు లావా రాయి కలదు. అది పడమటినుండి ఇంచుమించు 1,000 కిలోమీటర్లు పారి వచ్చినదని భూగర్భ శాస్త్రజ్ఞులు పలువురు తలచుచున్నారు. ఈ లావాకు శంకువు పనికిరాదు. పాత పెండ్లి పత్రికల అట్టలను ఒకదానిపై నొకటి అతికించి, అంచులు మెట్లుగా కత్తిరించినచో చాలును. దక్కను రాయికి వాడు ట్రాప్ అను పేరు మెట్లను తెలుపు స్వీడను భాషా పదమునుండియే పుట్టినది.

ఇక ఒక మాట తల్లిదండ్రులతో. అంగడిలో రంగులువేసిన కొండను కొని, పిల్లవాని పేరు అంటించి ప్రదర్శనకు పంపకుడు. అట్టి కొండ ఎంత అందమైనదైనను అది చదువు కాదు. వంకరగా అతికిన కొండయైనను వాని చేతిదై, దానిపై పేర్లు వాని చేతివ్రాతలో తెలుగున నుండవలెను. దసరాకు బొమ్మల కొలువులో మట్టికొండ కట్టి ఆవాలు మొలిపించిన మన ఇండ్లవారికి ఈ పని క్రొత్తది కాదు.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ వసతులకై అర్జీలు వ్రాయుట మానరాదు. కాని శాస్త్రపాఠము చెప్పగల తెలుగు మన పిల్లల నోట లేనినాడు ఆ అర్జీకి బలమెక్కడిది? కావున పెద్దలారా, ఆ గంటలో సగము పద్యమునకిండు, సగము కత్తెరకిండు. పిల్లవాడు తాను చేసిన కొండను చేతబట్టి, అది ఎందుకు పగులునో తెలుగులో చెప్పుచుండగా ఒక్కమారు వినుడు. అటుపిమ్మట నవ్వవలెననిపించిన నవ్వుడు.